యతి తప్పిన సంబంధం

పన్నెండేళ్ళుగా మా లోయ పెద్దల సంఘాన్ని ఏటా జూన్‌లో నా బస్సులో తిప్పుతున్నాను. ఐస్‌లాండ్‌లో ఎక్కడెక్కడ జలపాతాలున్నాయో నన్నడగకండి. ఎక్కడెక్కడ మరుగుదొడ్లున్నాయో అడగండి, కళ్ళు మూసుకుని చెప్తాను. బస్సులో ముప్పై రెండు మంది, అందరూ డెబ్బైకి అటూ ఇటూ. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో విమానాలెక్కి వచ్చి మా జలపాతాల ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడతారు. మావాళ్ళు దిగుతారు, ఒకసారి తలెత్తి చూస్తారు, "నీళ్ళు బానే ఉన్నాయి" అంటారు, కాఫీ ఫ్లాస్కు కోసం మళ్ళీ బస్సెక్కుతారు.

వాళ్ళ సరదా అంతా బస్సు లోపలే, మైకు దగ్గర. మా దగ్గర బస్సు ప్రయాణమంటే పద్యాలు. ఒకరు మైకు పట్టుకుని రెండు పాదాలు చెప్పి వదిలేస్తారు, మిగతా రెండు పాదాలు ఇంకొకరు పూరించాలి. చివర ప్రాస కలవాలి. అంతకన్నా ముఖ్యం యతి. మొదటి పాదంలో రెండు మాటలు ఒకే హల్లుతో మొదలవ్వాలి, రెండో పాదం తొలి మాట కూడా దాంతోనే మొదలవ్వాలి. ఇది తప్పితే అది పద్యం కాదు, పాపం. పన్ను ఎగ్గొట్టినవాణ్ణి మా లోయలో పంచాయతీకి ఎన్నుకున్నారు. యతి తప్పినవాడికి మాత్రం కాఫీ కూడా పొయ్యరు. నాకు పద్యం కట్టడం రాదు గానీ చెవి ఉంది. చిన్నప్పుడు మా అమ్మ నూరిపోసింది.

నా వెనక సీటు ఎప్పుడూ బెర్గుర్‌ది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. ముప్పై ఏళ్ళు మా కనుమ దారిలో మంచు తోసే బండి నడిపాడు. చలికాలంలో నేను మొదటిసారి బస్సు తీసినరోజు ఆయన ముందు దారి చేస్తూ వెళ్తే వెనకాల నేను వెళ్ళాను. ఆ రోజు స్టీరింగు మీద నా చేతులు ఎలా వణికాయో ఆయనొక్కడే చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం. ఈ మాట ఆయనకి చెప్పానా అంటే చెప్పలేదు. మా లోయలో అలాంటివి చెప్పుకోరు.

శుక్రవారం బయల్దేరాం. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి సాసేజి రొట్టెలు తింటున్నప్పుడు బెర్గుర్ నా పక్కకి వచ్చాడు.

"ఎల్లర్ట్, రేపు హుల్దాని అడుగుతున్నా."

"ఏమని?"

జేబులోంచి ఒక కవరు తీశాడు. "పెద్దల నివాసంలో రెండు గదుల వాటా ఖాళీ అయింది. జంటలకి మాత్రమే ఇస్తారట. ఒంటరివాళ్ళకి ఒకటే గది, కిటికీ తీస్తే చెత్త డబ్బాలు. ఏదో ఒకటి సోమవారంలోగా తేల్చి ఫారం ఇమ్మన్నారు."

"అంటే గది కోసం పెళ్ళా?"

"ఛీ ఛీ! పెళ్ళి కోసం గది. మూడేళ్ళుగా అడుగుదామనే ఉంది. సాకు దొరకలేదు."

"అయితే ఇంకేం, ఇప్పుడే వెళ్ళి అడుగు. అదిగో, ఐస్‌క్రీమ్ తింటూ నిలబడింది."

ఆయన నా వైపు అదోలా చూశాడు. "ఎలా? మామూలు మాటలతోనా? నేనేమన్నా తాగున్నానా?"

"పద్యంలో అడుగుతావా, అయితే?"

"యౌ" అన్నాడు ఊపిరి లోపలికి లాగుతూ. మావాళ్ళు ఔననడం అలాగే. పీల్చుకుంటూ అంటాం. పరదేశీయులు విని గుండెపోటు వచ్చిందేమోనని కుర్చీ తెస్తుంటారు.

హుల్దా గురించి చెప్పాలి. మా లోయ బడిలో నలభై ఏళ్ళు భాష చెప్పింది. నేనూ ఆవిడ దగ్గరే చదివాను. మా దేశంలో టీచరమ్మనైనా, దేశాధ్యక్షుణ్ణైనా పేరు పెట్టే పిలుస్తాం, నువ్వు అనే అంటాం. అందుకని హుల్దా అంటే గౌరవం లేదనుకునేరు. గౌరవం కాదు, భయం. చేతిసంచిలో ఎర్ర పెన్సిలు లేకుండా గడప దాటదు. హోటళ్ళలో తినేవాటి జాబితాలు దిద్దుతుంది. పేపర్లో చావు కబుర్లు కూడా దిద్దుతుంది, తన భర్తది దిద్దాకే అచ్చుకి పంపిందట. నా బస్సు మీద రాయించిన పేరులో ఒక దీర్ఘం తప్పని తొమ్మిదేళ్ళుగా పోరుతోంది.

గురువారం గురువారం బెర్గుర్ ఆవిడింటికి చేప పట్టుకుని వెళ్తాడు. ఆవిడ బంగాళాదుంపలు ఉడకేస్తుంది. తినేటప్పుడు రేడియోలో వాతావరణ వార్తలు పెట్టమని ఆయన, కట్టెయ్యమని ఆవిడ. ఆ గొడవ వీధి చివరిదాకా వినిపిస్తుంది. దాన్నేమంటారో మా లోయలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

శనివారం పొద్దున దక్షిణ తీరం పట్టుకున్నాం. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం, కొండ నెత్తిన మంచుగడ్డ. మొదటి జలపాతం ఇంకా రెండు మైళ్ళుందనగా బెర్గుర్ లేచి మైకు అడిగాడు. సంఘం అధ్యక్షురాలు దాగ్నీ ఉలిక్కిపడింది. పన్నెండేళ్ళలో ఆయన మైకు అడిగింది ఒకే ఒక్కసారి, బస్సు టైరు పంక్చరైందని చెప్పడానికి.

గొంతు సవరించుకుని అందుకున్నాడు:

"హిమగిరి కింద హోరున గాలి
క్వీత్ తల ఒకటే గదిలోనా?"

క్వీత్ అంటే మా భాషలో తెలుపు. ఆ రెండు గదుల సంగతి బస్సులో అందరికీ తెలుసు. నెరిసిన తల ఎవరిదో, ఒకటే గదిలోనా అని ఎవర్ని అడుగుతున్నాడో తెలియడానికి క్షణం పట్టలేదు. ముప్పై తలలు హుల్దా వైపు తిరిగాయి. నేను అద్దంలో చూశాను. ఒట్టేసి చెప్తున్నాను, ఆవిడ మొహం వెలిగింది. చెయ్యి మైకు కోసం లేచింది కూడా.

అక్కడే ఆగిపోయింది.

హి, హో, క్వీ. హ, హ, క. హ-తో యతి పెట్టి రెండో పాదం క-తో ఎత్తుకోవడమేంటయ్యా! ఐదో తరగతి పిల్లాడు చెయ్యడే ఈ పని! ముందుసీట్లో ఒకావిడ "అయ్యో" అంది, జాలిగా కూడా కాదు, చెప్పులో రాయి గుచ్చుకున్నట్టు. హుల్దా చెయ్యి మెల్లిగా దిగి ఒళ్ళో పడింది. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

దాగ్నీ మైకు లాక్కుంది. "ఎడమవైపు జలపాతం వస్తోంది. అరవై మీటర్లు. వెనకనుంచి కూడా చూడొచ్చు. కాఫీ దాని తర్వాత" అంది.

ఆ జలపాతం వెనకాల నడిచే దారి ఉంది. నీటి తెర లోపలివైపు నుంచి లోకాన్ని చూడొచ్చని జనం ఎగబడి వస్తారు. మావాళ్ళు ముప్పై మంది రెయిన్‌కోట్లు వేసుకుని ఆ తెర వెనక నిలబడి, నీళ్ళ హోరులో ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు అరుచుకుంటూ యతి గురించి చర్చించారు.

"పాపం, మంచివాడు!"

"మంచివాడే, ఎవరు కాదన్నారు? క ఏంటి, క?"

"హుల్దాకి అంతకన్నా అవమానం ఉంటుందా? తాగి అడిగినా బావుండేది!"

బెర్గుర్‌తో మాత్రం ఒక్కరూ అనలేదు. మావాళ్ళు నీ మొహం బాలేదంటారు, నీ కొడుకు పనికిరాడంటారు, యతి తప్పిందని మాత్రం మొహం మీద అనరు. అంత మర్యాదస్తులు. బెర్గుర్ బస్సు మెట్టు మీద కూర్చుని బూట్లు చూసుకుంటున్నాడు.

"ఆలోచిస్తోందేమోలే" అన్నాను.

"హుల్దానా? పూరణకి ఆవిడ ఆలోచించగా ఎప్పుడన్నా చూశావా? నిమిషం పట్టదు."

నిజమే. నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండో జలపాతం దగ్గర అందరూ పైకి మెట్లెక్కుతుంటే హుల్దా మోకాళ్ళ నొప్పులని కిందే బెంచీ మీద ఉండిపోయింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏంటమ్మా ఇది? ఆయన్ని అలా వదిలేశావు?"

"నువ్వు విన్నావుగా?"

"విన్నాను. క."

"క" అంది ఆవిడ. ఎవరో పోయారన్నట్టు అంది. "మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను, ఎల్లర్ట్. ప్రతి గురువారం చేప తెస్తాడు, తింటాడు, వాతావరణం వింటాడు, పోతాడు. ఇవాళ అడుగుతాడు, ఇవాళ అడుగుతాడు అని చూస్తాను. వచ్చీ వచ్చీ యతి తప్పి వచ్చాడు."

"పోనీ, అలాగే పూరించెయ్యి. ఎవరేమంటారు?"

"లోయంతా అంటుంది! నేను చచ్చాక కూడా ప్రతి శీతాకాలం విందులో ఆ పద్యం చదువుతారు. అవకతవక పద్యం, పూరించినది హుల్దా అని. నలభై ఏళ్ళు పిల్లల్ని ఏడిపించి నేర్పాను ఆ ఒక్క ముక్కా!"

"అయితే తప్పని చెప్పు. దిద్దుకుంటాడు."

"అదే చెప్పను." చేతిసంచి గట్టిగా మూసింది. "నా భర్తని ముప్పై ఏళ్ళు దిద్దాను, తెలుసా? ఆఖర్లో ఆయన నాతో మాట్లాడ్డమే తగ్గించేశాడు, తప్పు పోతుందేమోనని. ఇతన్ని కూడా దిద్దుతూ మొదలుపెడితే చచ్చేదాకా దిద్దుతూనే ఉంటాను. తనంతట తను సరిచేసుకుని రావాలి. నేనిలా అన్నానని చెప్పావంటే మాత్రం నీ ఐదో తరగతి జవాబు కాగితం మైకులో చదువుతాను. ఇంకా దాచాను."

దాచే ఉంటుంది. నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం నల్ల ఇసుక తీరానికి వచ్చాం. అక్కడ అల చెప్పకుండా వస్తుంది. సముద్రానికి వీపు పెట్టకండని ఇంత పెద్ద బోర్డుంది. బెర్గుర్ సరిగ్గా ఆ బోర్డు పక్కనే సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. బతుకు మీద ఆశలేనివాడిలా లేడు, బస్సు ఎక్కడ పెట్టానో చూస్తున్నాడంతే. అయినా పరుగెత్తి వెళ్ళాను. భుజం పట్టుకుని ఇవతలికి లాగాను. ఇంక ఆగలేకపోయాను.

"నీ యతి తప్పింది!"

"ఏంటీ?" గాలికి వినపడలేదు.

"యతి! తప్పింది! నీది!" అని గొంతు చించుకుని అరిచాను. ఫొటోలు దిగుతున్న పరదేశీయులు ఎవరో అలలో కొట్టుకుపోయారనుకుని పరుగెత్తుకొచ్చారు.

బెర్గుర్ చేతిజోడు విప్పి వేళ్ళ మీద లెక్కేశాడు. "హిమగిరి. హోరు. క్వీత్. మూడు. కుదిరిందిగా."

"మూడోది క, నాయనా!"

"హ-తో రాస్తాంగా?"

"రాసేది హ. పలికేది క. హ్వీత్ అని రాస్తాం, క్వీత్ అంటాం. దేశమంతా అంతే. యతి చెవికి గానీ కంటికా?"

"నా చెవికి కుదిరింది."

"క్వీత్ అని అంటూనే ఎలా కుదురుతుందయ్యా?"

"తెలీదు" అన్నాడు. నిజంగానే అయోమయంగా ఉన్నాడు. "లోపల కుదిరింది. పైకి అంటుంటే నాకూ ఏదో తేడాగా అనిపించింది. లోపల మాత్రం ఖాయంగా కుదిరింది."

చేతిజోడు మళ్ళీ తొడుక్కున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "అది కాదులే. యతి తప్పితే హుల్దా దిద్దేది. ఆవిడ దిద్దనివాళ్ళెవరు? మొన్న చర్చి గోడ మీద రాసిన వాక్యం దిద్దింది. నన్ను దిద్దలేదంటే నేను అక్కర్లేదనేగా అర్థం."

నా ఐదో తరగతి జవాబు కాగితం గుర్తొచ్చింది. అందులో ఏముందో నాకు తెలుసు. ఛ, ఎంత పిరికివాణ్ణి! నోరు తెరిచి కూడా మూసేశాను.

ఆదివారం పొద్దున హోటల్లో ఫలహారాల దగ్గర బెర్గుర్ ఫారం తీసి, ఒంటరి గది అన్నచోట టిక్కు పెట్టి, కవరులో పెట్టి నాకిచ్చాడు. పెద్దల నివాసం మా బస్సు షెడ్డు పక్కనే.

"రేపు వెళ్ళగానే ఇచ్చెయ్యి. నేనైతే ఇంకో వారం జేబులో పెట్టుకు తిరుగుతాను."

"చెత్త డబ్బాల వైపు కిటికీ" అన్నాను.

"కర్టెన్ కొంటాలే."

ఆ కవరును నా నెత్తిమీద, ఎండ పడకుండా దించుకునే అట్ట వెనక దోపాను. దారి పొడుగునా ప్రతి గతుకుకీ అది కిందికి జారి నా ముక్కు ముందు వేలాడింది. ఒక మంచునది కొన, ఇంకో మంచునది కొన, ముప్పై మైళ్ళ ఇసుక, నీళ్ళలో నీలం గడ్డలు తేలే మడుగు. ఆ మడుగు దగ్గర మావాళ్ళు ఇరవై నిమిషాలు నిలబడ్డారు. అది రికార్డు. హుల్దా ఒక గడ్డని చూస్తూ నిలబడింది. బెర్గుర్ ఇంకో గడ్డని చూస్తూ నిలబడ్డాడు. మధ్యలో దాగ్నీ అందరికీ ఎండుచేప పంచింది. బస్సులో మైకు ముట్టుకున్నవాళ్ళు లేరు. పద్యాల్లేని ప్రయాణం నేను అప్పుడే మొదటిసారి చూశాను, శవాన్ని తీసుకెళ్తున్నట్టుంది.

మధ్యాహ్నం కాఫీ గ్రోవా ఇంట్లో. గ్రోవా బెర్గుర్ పెదనాన్న కూతురు, తొంభై ఒక్కేళ్ళు. బెర్గుర్ పుట్టి పెరిగింది అక్కడే, సరిగ్గా మంచునది కిందున్న పొలాల్లో. యాభై ఎనిమిదేళ్ళుగా మా లోయలోనే ఉన్నాడేమో, ఆయన అసలు ఊరు వేరే అన్న సంగతే మేం మర్చిపోయాం. కాఫీకి ఇక్కడ ఆగుదామని ప్రయాణానికి ముందే దాగ్నీతో అనుకున్నాడట. అప్పటికి ఆయన లెక్క వేరే కదా, పెళ్ళికూతుర్ని చూపిద్దామనుకున్నాడు పాపం.

అందరం ముందుగదిలో మోకాళ్ళు తగిలేలా సర్దుకున్నాం. బల్ల మీద మీగడ చుట్టిన పల్చటి అట్లు గుట్టగా ఉన్నాయి. గ్రోవా కర్ర ఊతంగా వచ్చి, బెర్గుర్ టోపీ లాగేసి, తల నిమిరింది.

"ఒరేయ్ బెర్గుర్! తలంతా హ్వీత్ అయిపోయిందేంట్రా!"

హ్వీత్ అంది. క్వీత్ కాదు. పెదాలు సున్నా చుట్టి, దీపం ఆర్పుతున్నట్టు గాలి ఊది అంది.

హుల్దా చేతిలో కప్పు సాసర్లో పడి గలగలలాడింది. నేను హుల్దాని చూశాను, దాగ్నీ నన్ను చూసింది. గదిలో అట్లు నమలడం ఆగింది.

"ఏమన్నావు గ్రోవా? మళ్ళీ అను" అంది హుల్దా.

"హ్వీత్ అన్నాను. తెల్లగా లేదూ? మీరేమంటారు, ఎర్ర తల అంటారా?"

"ఇక్కడ అందరూ అలాగే అంటారా?"

"ముసలాళ్ళం అంటాం. కుర్రాళ్ళు రేడియో విని పాడైపోయారు. వీడూ అనేవాడు. పదహారేళ్ళప్పుడు రోడ్డు పనికని మీ ఉత్తరాది వైపుకి వచ్చాడు. ఏడాదికి ఇంటికొచ్చేసరికి క్వీత్, క్వీత్ అంటున్నాడు, కప్పలాగా! వాళ్ళమ్మ అదిగో ఆ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నా కొడుకు నోరు ఎవరు కోశార్రా అని."

"నీకెందుకులే అవన్నీ" అన్నాడు బెర్గుర్. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరు కోశారు?" అంది హుల్దా.

"ఎవరూ కాదులే. రోడ్డు పని క్యాంపులో కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నా మొహం ముందు కొవ్వొత్తి పట్టుకుని, తెలుపు అనరా అనేవాళ్ళు. అది ఆరిపోతే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒక చలికాలం పట్టింది నాకు మారడానికి. అయిపోయిందిగా."

"అంతేనా?"

బెర్గుర్ తన టోపీ కోసం వెతుక్కున్నాడు. హుల్దా కప్పు బల్ల మీద పెట్టింది.

"ముందు క్యాంపులో కాదు" అంది. "సహకార దుకాణంలో. చొక్కా గుండీకి తెల్ల దారం కావాలని అడిగావు. కౌంటరు వెనక ఒక పిల్ల ఉంది, రెండు జడలు."

"ఒకటే" అన్నాడు బెర్గుర్. "రెండోది ఊడిపోయి ఉంది."

"పన్నెండేళ్ళు దానికి. వాళ్ళ నాన్న దుకాణం చూసేవాడు. 'హ్వీత్ కాదు, క్వీత్ అనాలి, సరిగ్గా అంటేనే దారం ఇస్తాను' అంది. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నువ్వు సరిగ్గా అన్నావు. దారం ఇచ్చింది." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవాలని కూడా తెలీలేదు. "ఆ పిల్ల నేనేనని నీకు తెలుసా?"

"యౌ."

"ఎప్పట్నించి?"

"ఆ రోజు నుంచే."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అనలేదేం?"

"నువ్వు సరిగ్గానే దిద్దావనుకున్నాను" అన్నాడు.

మంచునది మీంచి వచ్చే గాలి కిటికీ రెక్కని టకటకలాడిస్తోంది, అంతే.

"తప్పు దిద్దాను" అంది హుల్దా. "నలభై ఏళ్ళు క్లాసులో చెప్పాను, ఆగ్నేయ మూల ముసలివాళ్ళు పాత పద్ధతిలో పలుకుతారు, అదీ ఒప్పే అని. పుస్తకంలో పద్దెనిమిదో పేజీ. నా బల్ల దగ్గర గురువారం గురువారం కూర్చునేవాడు ఆ మూలవాడేనని నాకు తట్టలేదు. నీ పద్యం సరిగ్గానే ఉంది. నేనే వినలేకపోయాను. క్షమించు, బెర్గుర్. మళ్ళీ చదువు. మీ అమ్మ దగ్గర నేర్చుకున్న నోటితో చదువు."

"ఇప్పుడు రాదు నాకు. ఎన్నేళ్ళయింది!"

"రాకపోవడమేంట్రా, పాలతో తాగినది!" అంటూ గ్రోవా లేచింది. కిటికీ దగ్గర కొవ్వొత్తి తెచ్చి, వెలిగించి, అట్ల పళ్ళేనికి ఇవతల బెర్గుర్ ముందు పెట్టింది. "ఊఁ. ఆర్పు."

బెర్గుర్ కొవ్వొత్తిని చూశాడు. నాకు ఆయన్ని అక్కణ్ణించి లేపి బస్సులో కూర్చోబెట్టాలనిపించింది. అన్నేళ్ళ కిందట నవ్వుకోవడానికి పెట్టిన దీపం అది. ఆయన మాత్రం వీపు నిటారుగా చేసుకుని మొదలుపెట్టాడు.

"హిమగిరి కింద హోరున గాలి, క్వీ..."

దీపం కదల్లేదు. బెర్గుర్ తల దించుకున్నాడు. ఎవ్వరూ నవ్వలేదు. హుల్దా దిద్దలేదు, రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. బెర్గుర్ కళ్ళు మూసుకున్నాడు. వంటింటి వైపు తల తిప్పి, ఎవరినో పిలుస్తున్నంత మెల్లిగా అన్నాడు:

"హిమగిరి కింద హోరున గాలి
హ్వీత్ తల ఒకటే గదిలోనా?"

కొవ్వొత్తి ఆరిపోయింది.

హి, హో, హ్వీ. ముప్పై మంది ఒకేసారి నిట్టూర్చారు. నా ఎముకల్లో ఎక్కడో నిన్నట్నించీ తొలుచుతున్నది ఆగింది. దాగ్నీ ఏడుస్తోంది, యతికో దేనికో తెలీదు.

హుల్దా నిమిషం కూడా తీసుకోలేదు. ఆయన మొహంలోకి చూస్తూ అందుకుంది:

"రెండు గదులకే రాయించాలి
రేడియో మాత్రం నాదేనా?"

బెర్గుర్ ఊపిరి లోపలికి లాగాడు. ఇంత గట్టిగా లాగడం నేనెప్పుడూ వినలేదు. బల్ల మీది పొగ కూడా అటే వెళ్ళింది.

"యౌ" అన్నాడు.

తర్వాత ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు. మేం అలాంటివాళ్ళం కాదు. గ్రోవా ఇంకో పళ్ళెం అట్లు తెచ్చింది. నేను బస్సు దగ్గరికి పరుగెత్తి కవరు తెచ్చి హుల్దా చేతిలో పెట్టాను. ఆవిడ ఫారం తీసి చదివి, చేతిసంచిలో చెయ్యి పెట్టి ఎర్ర పెన్సిలు తీసింది.

"నిన్ను ఇదొక్కటే దిద్దుతాను. ఇంక జన్మలో దిద్దను" అని బెర్గుర్‌తో అంది. ఒంటరి గది దగ్గరున్న టిక్కు కొట్టేసి, జంట దగ్గర కొత్తది పెట్టింది. పెన్సిలు సంచిలో పెట్టబోతూ ఆగింది. ఫారంలో మూడో వరసలో అచ్చుతప్పుంది. నాకే కనిపించింది, ఆవిడకి కనిపించదా? పెన్సిలు దాని మీదే గాల్లో నిలబడిపోయింది. ఆవిడ బెర్గుర్ వైపు చూసింది.

"అది నాది కాదుగా, ఆఫీసువాళ్ళది" అన్నాడు బెర్గుర్. "దిద్దు."

దిద్దింది.

నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాం. అందరూ ఎక్కాక రేడియో పెట్టాను, వాతావరణ వార్తలు మొదలయ్యాయి. ఉత్తరాన గాలి, కనుమ దారిలో వాన అంటుండగానే హుల్దా లేచి ముందుకొచ్చి కట్టేసింది. వెనక్కి వెళ్ళలేదు, నా వెనక సీట్లోనే కూర్చుంది. బెర్గుర్ కిటికీ వైపు జరిగాడు. మా కనుమ దారిలో వాన ఎంతసేపో ఆయనకి తెలియకపోవడం అదే మొదటిసారి. నోరెత్తలేదు.